డివైస్ కనిపిస్తుంది కానీ ఓపెన్ అవ్వదు: ఆపుతున్నది ఎవరో ముందు పట్టుకోండి

సీరియల్ పోర్ట్ తెరుద్దామంటే పర్మిషన్ డినైడ్ అంటుంది, వెబ్‌క్యామ్ లైటే వెలగదు, స్కానర్ సిస్టమ్‌కి కనిపిస్తోంది కానీ యాప్‌కి కనిపించట్లేదు. ఇలాంటప్పుడు చాలామంది ముందు కేబుల్ పీకి మళ్లీ పెడతారు, తర్వాత రీస్టార్ట్ కొడతారు, అదీ కాకపోతే నెట్‌లో దొరికిన ఏదో కమాండ్‌కి ముందు సుడో (కమాండ్‌ని అడ్మిన్ హక్కులతో నడిపించేది) తగిలించి కొట్టేస్తారు. దాంతో ఒక్కోసారి పని అయిపోతుంది కూడా, కానీ ఏం తెరిచామో ఎంత తెరిచామో తెలీదు, వారం తర్వాత అప్‌డేట్ వచ్చి మళ్లీ ఆగిపోతే కథ మొదటికే వస్తుంది.

అందుకని నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే, ముందు ఆపింది ఎవరో తెలుసుకోండి, తర్వాత అక్కడ మాత్రమే, ఆ ఒక్క డివైస్‌కి సరిపడా మాత్రమే తెరవండి. ఇప్పటి సిస్టమ్స్‌లో ఒక డివైస్‌కీ మన ప్రోగ్రామ్‌కీ మధ్య ఒక్క చెకింగ్ కాదు, వరసగా నాలుగైదు ఉంటాయి. కెర్నెల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే సిస్టమ్ మూలభాగం) ఆ డివైస్‌ని గుర్తించాలి, డ్రైవర్ లోడ్ అవ్వాలి, డివైస్ ఫైల్‌కి (లినక్స్‌లో డెవ్ ఫోల్డర్‌లో ఆ డివైస్ పేరున ఉండే ఫైల్‌కి) పర్మిషన్ ఉండాలి, యాప్ శాండ్‌బాక్స్‌లో (యాప్‌ని మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసే గోడలో) ఉంటే అది ఒప్పుకోవాలి, ఎస్ఈలినక్స్ లాంటి అదనపు భద్రతా కాపలా ఉంటే అదీ ఒప్పుకోవాలి. ఎక్కడ ఆగిందో తెలీకుండా అన్నీ ఒకేసారి ఆఫ్ చేస్తే పని అయినా కారణం మాత్రం ఎప్పటికీ తెలీదు. (కమాండ్లని ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషులోనే.)

ముందు ఎర్రర్‌ని పూర్తిగా చదవండి

దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ సగం సమాధానం ఇక్కడే ఉంటుంది. లినక్స్‌లో పర్మిషన్ డినైడ్, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. పర్మిషన్ డినైడ్ అంటే ఎర్రర్ నంబర్ 13, ఎక్కువసార్లు ఫైల్ పర్మిషన్ దగ్గరో ఎస్ఈలినక్స్ దగ్గరో ఆగినట్టు. ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అంటే నంబర్ 1, ఇది వస్తే ఫైల్ పర్మిషన్ ఎంత మార్చినా లాభం ఉండకపోవచ్చు, ఎందుకంటే ఆపింది కంటైనర్ (డాకర్ లాంటి వాటిల్లో ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే డబ్బా) డివైస్ రూల్ అయినా అయ్యుంటుంది, కెర్నెల్ లాక్‌డౌన్ (రూట్‌కి కూడా కొన్ని పనులు ఆపే మోడ్) అయినా అయ్యుంటుంది. నో సచ్ ఫైల్ అని నంబర్ 2 వస్తే అసలు ఆ పేరుతో డివైస్ ఫైల్ లేదు, అంటే డ్రైవర్ ఎక్కలేదు, లేదా శాండ్‌బాక్స్ దాన్ని దాచేసింది. డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ, అది 16, పర్మిషన్‌తో సంబంధమే లేదు, ఇంకెవరో ఇప్పటికే తెరిచి కూర్చున్నారు.

యాప్ ఎర్రర్ సరిగ్గా చూపించకుండా ఉత్త "కనెక్షన్ ఫెయిల్డ్" అని వదిలేస్తే దాన్ని టెర్మినల్ నుంచి రన్ చేయండి, అప్పుడైనా అసలు మాట బయటకొస్తుంది. అప్పటికీ రాకపోతే ఎస్‌ట్రేస్‌తో (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని ఏమడిగిందో చూపించే టూల్) నడిపి ఓపెన్‌యాట్ అనే లైన్లలో మీ డివైస్ పేరు దగ్గర ఏముందో చూడండి. అక్కడ ఇంగ్లీషు ఈ అక్షరంతో మొదలయ్యే ఈయాక్సెస్ (పైన చెప్పిన 13) అనో ఈపెర్మ్ (1) అనో ఖచ్చితంగా రాసి ఉంటుంది.

అసలు కెర్నెల్‌కి కనిపిస్తోందా

లినక్స్‌లో ఒక టెర్మినల్ తెరిచి సుడో డీమెస్జీ హైఫన్ డబ్ల్యూ (కెర్నెల్ సందేశాల్ని అప్పటికప్పుడు చూపిస్తుంది) కొట్టి అలా వదిలేసి, డివైస్ పీకి మళ్లీ పెట్టండి. న్యూ ఫుల్ స్పీడ్ యూఎస్‌బీ డివైస్ అని ఒక లైన్, కింద వెండర్ ఐడీ ప్రోడక్ట్ ఐడీ (తయారీదారు, మోడల్ నంబర్లు), ఆ కింద డ్రైవర్ పేరు, చివర్లో అటాచ్డ్ టు టీటీవై యూఎస్‌బీ 0 (ఇదే డివైస్ ఫైల్ పేరు) అని రావాలి. ఒక్క లైన్ కూడా రాకపోతే సెక్యూరిటీ గురించి ఆలోచించడం అనవసరం, ఎక్కువసార్లు అది కేబులే. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్స్‌లో డేటా వైర్లు ఉండవు, లైట్ వెలుగుతుంది, బోర్డు ఆన్ అవుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఏమీ తెలీదు. కేబుల్ మార్చి, హబ్ తీసేసి నేరుగా పోర్ట్‌లో పెట్టి చూడండి.

ఐడీ లైన్ వచ్చి డ్రైవర్ లైన్ రాకపోతే సమస్య డ్రైవర్ దగ్గరుంది. బయటి నుంచి కంపైల్ చేసుకున్న మాడ్యూల్ (కెర్నెల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క) అయితే, సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సంతకం లేని కోడ్‌ని ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, లోడ్ చేసేటప్పుడు కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అంటుంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేయమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనైతే చెప్పను, ఎందుకంటే దానికి సరైన దారి ఉంది: ఆ మాడ్యూల్‌ని మీ సొంత కీతో సైన్ చేసి, మోక్‌యుటిల్ ఇంపోర్ట్‌తో ఆ కీని ఎన్‌రోల్ చేయడం. అప్పుడొక పాస్‌వర్డ్ అడుగుతుంది, రీబూట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది, అందులో ఎన్‌రోల్ మోక్ (మోక్ అంటే మెషీన్ ఓనర్ కీ) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ స్క్రీన్ కొన్ని సెకన్లే ఉంటుంది, ఏ కీ నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, అప్పుడు మళ్లీ ఇంపోర్ట్ నుంచి చేసుకోవాలి కాబట్టి రీబూట్ కొట్టి పక్కకెళ్లకండి.

ఆఫీసు మెషీన్లలో యూఎస్‌బీగార్డ్ అని అనుమతి లేని యూఎస్‌బీ డివైసుల్ని ఆపే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తుండొచ్చు. అదుంటే డివైస్ ఎల్ఎస్‌యూఎస్‌బీలో (యూఎస్‌బీ డివైసుల లిస్టు ఇచ్చే కమాండ్) కనిపిస్తుంది కానీ డ్రైవర్ ఏదీ పట్టుకోదు. యూఎస్‌బీగార్డ్ లిస్ట్ డివైసెస్ కొడితే పక్కన బ్లాక్ అని తెలుస్తుంది.

డివైస్ ఫైల్ పర్మిషన్, ఎక్కువ మంది ఆగేది ఇక్కడే

ఎల్ఎస్ హైఫన్ ఎల్ అని కొట్టి ఆ డివైస్ ఫైల్ పేరు ఇవ్వండి. వచ్చే లైన్‌లో మొదటి అక్షరం సీ, అంటే అది క్యారెక్టర్ డివైస్. తర్వాత మూడేసి అక్షరాల చొప్పున మూడు గుంపులు, మొదటిది ఓనర్‌కి, రెండోది గ్రూప్‌కి, మూడోది మిగతా అందరికీ. సీరియల్ పోర్ట్ అయితే మామూలుగా మొదటి రెండింట్లో ఆర్ డబ్ల్యూ (చదవడం, రాయడం) ఉంటాయి, మూడోదాంట్లో మూడు గీతలే. పక్కన ఓనర్ రూట్, గ్రూప్ డయల్‌అవుట్, ఆ పక్కన 188 కామా 0 అని ఉంటుంది, 188 అంటే యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ల మేజర్ నంబర్, ఏసీఎం రకం (డివైస్ ఫైల్ పేరు టీటీవై ఏసీఎం అని వచ్చే) బోర్డులైతే అక్కడ 166 వస్తుంది. ఈ ఒక్క లైన్‌తో విషయం తేలిపోయింది, మీరు రూట్ కాదు, డయల్‌అవుట్ గ్రూప్‌లో లేరు, కాబట్టి మీరు మూడో గుంపు, మీకు ఏమీ లేదు.

అప్పుడు చేయాల్సింది సుడో యూజర్‌మాడ్ హైఫన్ చిన్న ఏ పెద్ద జీ డయల్‌అవుట్, తర్వాత మీ యూజర్ నేమ్. ఆ చిన్న ఏ చాలా ముఖ్యం అండీ, అది వదిలేసి ఉత్త పెద్ద జీ ఇస్తే మిమ్మల్ని మిగతా గ్రూపులన్నింట్లోంచి తీసేసి ఈ ఒక్కదాంట్లోనే ఉంచుతుంది, అందులో సుడో గ్రూప్ కూడా పోతుంది, తర్వాత దాన్ని సరిచేయడానికి సుడో ఉండదు. ఉబుంటు, డెబియన్, ఫెడోరాల్లో గ్రూప్ పేరు డయల్‌అవుట్, ఆర్చ్‌లో మాత్రం యూయూసీపీ. ఊహించొద్దు, ఎల్ఎస్ చూపించిన పేరే వాడండి.

గ్రూప్‌లో చేర్చాక లాగౌట్ అయ్యి లాగిన్ అవ్వాలి, కొత్త టెర్మినల్ తెరిస్తే సరిపోదు. నడుస్తున్న సెషన్‌కి పాత గ్రూపులే ఉంటాయి. ఐడీ అనే కమాండ్ కొట్టి (మీ గ్రూపులు చూపిస్తుంది) లిస్టులో డయల్‌అవుట్ వచ్చిందో లేదో చూసుకున్నాకే మళ్లీ ట్రై చేయండి, "చేర్చాను కానీ పని చేయట్లేదు" అనేవాళ్లలో చాలామందికి ఇదే కారణం.

సీహెచ్‌మాడ్ 666 (ఫైల్‌ని అందరికీ చదవడానికీ రాయడానికీ తెరిచే కమాండ్) గురించి. పని చేస్తుంది, కానీ ఆ మెషీన్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆ డివైస్ తెరిచి పెట్టినట్టే, పైగా డివైస్ పీకి పెట్టగానే ఫైల్ కొత్తగా తయారవుతుంది కాబట్టి పర్మిషన్ మళ్లీ పాతదే. సమస్య పర్మిషన్‌దేనా అని నిమిషంలో తేల్చుకోడానికి వాడండి, పరిష్కారం అని మాత్రం వాడకండి.

గ్రూపుల్లోనూ అన్నీ ఒకటి కాదు. కీబోర్డో జాయ్‌స్టిక్కో చదవాలని మిమ్మల్ని ఇన్‌పుట్ గ్రూప్‌లో చేర్చుకోమని ఎవరైనా చెబితే ఆగండి, ఆ గ్రూప్‌లో ఉంటే మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా మీరు కొట్టే ప్రతి కీ చదవగలదు, పాస్‌వర్డ్‌లతో సహా. డిస్క్ గ్రూప్ ఇంకా దారుణం, ఫైల్ పర్మిషన్లన్నీ పక్కనబెట్టి డిస్క్ మొత్తం నేరుగా చదవొచ్చు, రాయొచ్చు. అలాంటి చోట యూడెవ్ (డివైస్ ఫైల్స్‌ని తయారుచేసి పర్మిషన్లు పెట్టే సర్వీస్) రూల్ రాసుకోవడమే సరైన పని.

యూడెవ్ రూల్ ఎలా

ఈటీసీ కింద యూడెవ్, దాని కింద రూల్స్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టాలి, పేరు చివర డాట్ రూల్స్ ఉండాలి. లోపల ఒకే లైన్: సబ్‌సిస్టమ్ ఏంటో (సీరియల్ అయితే టీటీవై, నేరుగా యూఎస్‌బీ అయితే యూఎస్‌బీ, కీబోర్డ్, జాయ్‌స్టిక్ లాంటి హెచ్ఐడీ రకం అయితే హిడ్‌రా), వెండర్ ఐడీ ఏంటో, ప్రోడక్ట్ ఐడీ ఏంటో, చివర్లో ట్యాగ్ ప్లస్ ఈక్వల్ యూయాక్సెస్. పోల్చే చోట రెండు ఈక్వల్ గుర్తులు, ఇచ్చే చోట ఒకటే, ఇది తారుమారైతే రూల్ మీరనుకున్నట్టు పని చేయదు. ఐడీల్లో అక్షరాలు చిన్నవే రాయండి, ఎల్ఎస్‌యూఎస్‌బీ చూపించినట్టే.

ఇక్కడ చాలామంది తగులుకునేది ఫైల్ పేరు ముందున్న నంబర్ దగ్గర. రూల్ ఫైళ్లు పేరు వరసలో చదవబడతాయి, యూయాక్సెస్ ట్యాగ్‌ని చూసి పర్మిషన్ ఇచ్చే పని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులన్నీ నడిపేది) వాళ్ల 73తో మొదలయ్యే ఫైల్‌లో జరుగుతుంది. మీ ఫైల్ 99 అని పెడితే ఆ పని అయిపోయాక మీ ట్యాగ్ వస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, పర్మిషన్ కూడా రాదు. అందుకే 70 అని పెట్టండి. తర్వాత యూడెవ్‌ఏడీఎం కంట్రోల్ రీలోడ్ కొట్టి, డివైస్ పీకి పెట్టండి. ఎల్ఎస్ హైఫన్ ఎల్‌లో పర్మిషన్ అక్షరాల చివర ప్లస్ గుర్తు కనిపిస్తే పని అయినట్టే, గెట్ఎఫ్ఏసీఎల్ కొడితే మీ పేరు కూడా కనిపిస్తుంది.

యూయాక్సెస్‌లో నాకు నచ్చేది ఏంటంటే ఆ మెషీన్ ముందు కూర్చుని లాగిన్ అయిన యూజర్‌కే పర్మిషన్ వస్తుంది, లాగౌట్ అవ్వగానే పోతుంది. దీని అవతలి వైపు కూడా తెలియాలి, ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ నుంచి లాగిన్ అయి) వచ్చినవాళ్లకి, బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులకి ఇది రాదు. వాళ్లకి రూల్‌లో గ్రూప్, మోడ్ 0660 అని ఇవ్వాల్సిందే.

పర్మిషన్ ఉన్నా ఇంకెవరో పట్టేసుకుంటే

బిజీ అని వస్తే ఎల్ఎస్ఓఎఫ్ గానీ ఫ్యూజర్ గానీ ఆ డివైస్ ఫైల్ మీద నడపండి, పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు చెప్పేస్తుంది. ప్లగ్ చేసిన కొన్ని సెకన్ల వరకే బిజీ అని, తర్వాత బానే పని చేస్తుంటే అది మోడెమ్ మేనేజర్ అయ్యుండొచ్చు, కొత్తగా వచ్చిన సీరియల్ పోర్ట్ మోడెమా కాదా అని అది అడిగి చూసుకుంటుంది. మీ డివైస్ ఐడీతో రూల్‌లో ఐడీ ఎంఎం డివైస్ ఇగ్నోర్ ఈక్వల్ 1 అని పెడితే దాని జోలికి రాదు.

ఇంకో రకం ఉంది, ఉబుంటు 22.04కి మారినప్పుడు చాలామందిని ఏడిపించింది. సీహెచ్340 చిప్ ఉన్న బోర్డు పెడితే డీమెస్జీలో టీటీవై యూఎస్‌బీ 0 అటాచ్డ్ అని వస్తుంది, వెంటనే కింద డిస్‌కనెక్టెడ్ అని ఇంకో లైన్, ఫైల్ మాయం. రెండింటి మధ్యలో చూస్తే బీఆర్ఎల్‌టీటీవై అన్న పేరు కనిపిస్తుంది. అది చూపులేని వాళ్లు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేలని నడిపే సర్వీస్, ఆ చిప్ ఐడీ (1ఏ86, 7523) దాని రూల్స్‌లోనూ ఉండటంతో మీ బోర్డుని బ్రెయిలీ డిస్‌ప్లే అనుకుని లాగేసుకుంటుంది. ఆ ప్యాకేజీ పీకేయమని అందరూ చెబుతారు, ఆ మెషీన్‌లో బ్రెయిలీ వాడేవాళ్లు ఎవరూ లేకపోతే సరే, ఉంటే మాత్రం దయచేసి పీకకండి, దాని యూడెవ్ రూల్ ఫైల్‌ని ఈటీసీ కిందకి అదే పేరుతో కాపీ చేసుకుని ఆ ఒక్క ఐడీ లైన్‌ని కామెంట్ చేయండి. ఈటీసీలో ఉన్న కాపీకే ప్రాధాన్యం ఉంటుంది, అప్‌డేట్ వచ్చినా చెరగదు.

శాండ్‌బాక్స్, కంటైనర్, సర్వీస్

టెర్మినల్‌లో పని చేస్తుంది యాప్‌లో చేయట్లేదు అంటే ఆ యాప్ ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేశారో చూడండి. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనేవి యాప్‌ని శాండ్‌బాక్స్‌లో పెట్టి ఇచ్చే ప్యాకేజీ రకాలు. స్నాప్ అయితే స్నాప్ కనెక్షన్స్ అని కొట్టి యాప్ పేరు ఇవ్వండి, కెమెరా, రా యూఎస్‌బీ లాంటి ఇంటర్‌ఫేస్‌ల పక్కన స్లాట్ కాలమ్‌లో ఉత్త గీత ఉంటే అది కనెక్ట్ అవ్వలేదని, స్నాప్ కనెక్ట్‌తో కలపాలి. ఫ్లాట్‌ప్యాక్ అయితే ఫ్లాట్‌సీల్ అనే యాప్‌లో డివైస్ పర్మిషన్లు కనిపిస్తాయి, అక్కడ ఆల్ డివైసెస్ అన్నది పెద్ద అనుమతి కాబట్టి నమ్మే యాప్‌కే ఇవ్వండి.

డాకర్‌లో (కంటైనర్లు నడిపే టూల్) ప్రివిలేజ్డ్ ఫ్లాగ్ పెట్టేసి చేతులు దులుపుకోవడం నాకు అస్సలు నచ్చదు, ఒక్క యూఎస్‌బీ పోర్ట్ కోసం హోస్ట్ డివైసులన్నీ కంటైనర్ చేతిలో పెడుతున్నారు. డివైస్ ఫ్లాగ్‌తో ఆ ఒక్క ఫైల్ ఇవ్వండి, లోపల యూజర్ రూట్ కాకపోతే గ్రూప్ యాడ్‌తో డయల్‌అవుట్ గ్రూప్ నంబర్ కూడా ఇవ్వండి. రూట్‌లెస్ పాడ్‌మ్యాన్ (డాకర్ లాంటిదే, రూట్ హక్కులు లేకుండా నడిపేది) అయితే గ్రూప్ యాడ్ దగ్గర కీప్ గ్రూప్స్ అని ఇవ్వాలి, లేకపోతే మీకున్న గ్రూప్ లోపలికి రాదు.

సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడిపితే యూనిట్ ఫైల్‌లో ప్రైవేట్ డివైసెస్ యెస్ అని ఉందేమో చూడండి, అదుంటే సర్వీస్‌కి వేరే చిన్న డెవ్ ఫోల్డర్ కనిపిస్తుంది, అందులో మీ హార్డ్‌వేర్ ఏదీ ఉండదు. అది నో చేసి, డివైస్ పాలసీ క్లోజ్డ్ అని పెట్టి, డివైస్ అలౌలో మీ ఒక్క డివైస్ రాసి, సప్లిమెంటరీ గ్రూప్స్‌లో డయల్‌అవుట్ ఇస్తే సరిపోతుంది.

ఫెడోరా లాంటి వాటిల్లో ఇవన్నీ బానే ఉన్నా పర్మిషన్ డినైడ్ వస్తుంటే అప్పుడు ఎస్ఈలినక్స్ వైపు చూడండి. ఏయూసెర్చ్ హైఫన్ ఎం ఏవీసీ హైఫన్ టీఎస్ రీసెంట్ కొడితే ఇప్పుడే ఆపినవన్నీ వస్తాయి. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 పెట్టి (ఎస్ఈలినక్స్ ఆపడం తాత్కాలికంగా మానేస్తుంది) ఒకసారి ట్రై చేసి, పని అయితే ఆపింది ఎస్ఈలినక్సే అని తేలినట్టు, ఫలితం ఏదైనా వెంటనే 1కి తెచ్చేయండి. కంటైనర్ కోసమే అయితే కంటైనర్ యూజ్ డివైసెస్ అనే బూలియన్ (ఆన్, ఆఫ్ స్విచ్) ఉంది, సెట్‌ఎస్‌ఈబూల్ హైఫన్ పెద్ద పీతో దాన్ని ఆన్ చేస్తే చాలు, మొత్తం ఆపక్కర్లేదు.

విండోస్‌లో

ఇక్కడ కామ్ పోర్ట్ (సీరియల్ పోర్ట్‌కి విండోస్ పేరు) మీద యాక్సెస్ ఈజ్ డినైడ్ వస్తే లినక్స్‌లో లాగా పర్మిషన్ వెతక్కండి. విండోస్‌లో కామ్ పోర్ట్‌ని ఒకసారికి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు, ఎక్కువసార్లు వెనకాల ఇంకో సీరియల్ మానిటర్ తెరిచి ఉంటుంది, అది మూసేయండి.

మిగతావాటికి డివైస్ మేనేజర్‌లో ఆ డివైస్ ప్రాపర్టీస్ తెరిచి కోడ్ చూడండి. 28 అంటే డ్రైవర్ లేదు, 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు, 52 అంటే డ్రైవర్ సంతకం సరిపోలేదు. 39 వస్తే డ్రైవర్ పాడైనా అయ్యుండాలి, లేదా కోర్ ఐసొలేషన్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ దాన్ని ఆపినా ఆపుండాలి, పాత డివైసులతో ఇది తరచూ జరుగుతుంది. విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి కొత్త కెర్నెల్ డ్రైవర్లకి మైక్రోసాఫ్ట్ సంతకమే కావాలి, కాబట్టి ముందు తయారీదారు దగ్గర కొత్త డ్రైవర్ ఉందేమో వెతకండి, మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చేయడం ఆఖరి దారి. కెమెరా అయితే ప్రైవసీ సెట్టింగ్స్‌లో కెమెరా పేజీకి వెళ్లి పైన ఉన్న స్విచ్‌తో ఆగకుండా కింద డెస్క్‌టాప్ యాప్స్ కోసం విడిగా ఉన్న స్విచ్ కూడా చూడండి, బ్రౌజర్లు మీటింగ్ యాప్‌లు చాలావరకు దాని కిందకే వస్తాయి. ల్యాప్‌టాప్ మీద కెమెరా మూత, ఫంక్షన్ కీ, బయోస్ సెట్టింగ్ కూడా ఒకసారి చూసేయండి.

మ్యాక్, ఫోన్

మ్యాక్‌లో 2018 నాటి మొజావే వెర్షన్ నుంచి కెమెరాకీ మైక్‌కీ యాప్ వారీగా అనుమతి కావాలి. స్క్రిప్ట్ రాసుకుని నడిపేవాళ్లు తికమకపడేది ఎక్కడంటే, అనుమతి స్క్రిప్ట్‌కి కాదు, దాన్ని ఏ టెర్మినల్ లోంచి నడిపారో ఆ యాప్‌కి వెళ్తుంది, అందుకే ఒక టెర్మినల్‌లో పని చేసింది కోడ్ ఎడిటర్ లోపలి టెర్మినల్‌లో పని చేయదు. ఒకసారి వద్దని నొక్కేస్తే మళ్లీ అడగదు, సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి లేదా టీసీసీయుటిల్ రీసెట్ కెమెరా కొట్టి మళ్లీ అడిగించుకోవాలి. యాపిల్ చిప్ ల్యాప్‌టాప్‌లలో వెంచురా వెర్షన్ నుంచి కొత్త యూఎస్‌బీ డివైస్ పెడితే అనుమతి అడుగుతుంది, ఇవ్వకపోయినా ఛార్జింగ్ అవుతుంది కాబట్టి కనెక్ట్ అయ్యిందనే అనుకుంటాం. సీరియల్ పోర్ట్ తెరవగానే ప్రోగ్రామ్ కదలకుండా నిలబడిపోతే అది పర్మిషన్ కాదు, టీటీవైతో మొదలయ్యే పేరు బదులు సీయూతో మొదలయ్యేది వాడండి, టీటీవై అవతలి నుంచి సిగ్నల్ వచ్చేదాకా ఎదురు చూస్తుంది.

ఆండ్రాయిడ్‌లో ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) అన్‌ఆథరైజ్డ్ అంటే ఫోన్ అన్‌లాక్ చేసి స్క్రీన్ మీద వచ్చిన ప్రశ్నకి ఓకే చెప్పాలి, నో పర్మిషన్స్ అంటే సమస్య ఫోన్‌లో లేదు, మీ లినక్స్ యూడెవ్ దగ్గరుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి పైనుంచి లాగే ప్యానెల్‌లో కెమెరా, మైక్ స్విచ్‌లు ఉన్నాయి, అవి ఆఫ్‌లో ఉంటే యాప్‌కి ఎర్రర్ కాకుండా నల్లటి వీడియో, నిశ్శబ్దం వెళ్లొచ్చు. అనుమతి ఇచ్చినా రికార్డింగ్ ఖాళీగా వస్తోందంటే ముందు అవే చూడండి.

ఎవరినైనా అడగాల్సి వస్తే

ఆఫీసు కంప్యూటర్‌లో ఇన్‌స్టలేషన్ సిస్టమ్ పాలసీ వల్ల నిషేధం అని వస్తే దాన్ని దాటే దారులు వెతకొద్దు, అది ఎవరో కావాలని పెట్టింది. అడ్మిన్‌కి డివైస్ పేరు, వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ, ఎందుకు కావాలో రాసి పంపండి, ఆ రెండు ఐడీలు ఉంటే వాళ్లు మొత్తం యూఎస్‌బీ తెరవక్కర్లేకుండా మీ ఒక్క డివైస్‌నే అనుమతించగలరు. బయట ఎవరినైనా సాయం అడిగినా అంతే, "పని చేయట్లేదు" అని వదిలేయకుండా ప్లగ్ చేసినప్పటి డీమెస్జీ లైన్లు, ఎల్ఎస్ హైఫన్ ఎల్ చూపించిన లైన్, ఐడీ కమాండ్ ఇచ్చిన జవాబు, యాప్ ఎలా ఇన్‌స్టాల్ చేశారో, ఎర్రర్ ఉన్నది ఉన్నట్టుగా పెట్టండి, పెట్టేముందు డివైస్ సీరియల్ నంబర్ తీసేయండి. మధ్యలో టెస్టింగ్ కోసం ఆఫ్ చేసినవి, 666 పెట్టినవి ఏమైనా ఉంటే అవీ రాయండి, పని అయ్యాక వాటిని తిరిగి యథాస్థితికి తేవడానికి ఆ లిస్టే మీకు పనికొస్తుంది.